తొవ్వ, ఎండ

పాత కారు ఆటోనగర్ గోడకానుకొని ఉన్నది,
ముక్కు చితికి.
సామాన్లు తీసుకుందామని పోతే
పెడళ్ల కింద ఇంకా పిడికెడు వడ్లు.
ఆత్మకూరు దాటినంక వంపుల ఆరబోసినయి.
కాలు బ్రేకు మీదనే ఉండె,
బండే నా మాట వినలే.

ఆర్నెల్లు బస్సుల బడికి పోయిన.
డ్రైవర్ బ్రేకేసినప్పుడల్లా
నా కుడికాలు ఉత్త రేకును తొక్కేది.
పక్కసీటు ముసలాయన
"తిమ్మిరెక్కిందా టీచరమ్మా?" అని అడిగేది.
ఔనన్న.

షోరూం పిల్లగాడు మీట నొక్కి
కారు కప్పుల ఆకాశం చూపించిండు.
"అది మా డాబా మీద గూడ ఉన్నది బిడ్డా,
తలుపు ఎంత మందం?"
మెకానిక్ యాకూబ్ వేలు మడిచి
డొక్క మీద కొట్టి విన్నడు,
పుచ్చకాయ కొనేటోని లెక్క.
మనసు ఎర్రదాని మీద.
గుద్దితే ఆగేది బూడిద రంగుది,
ఆరు ఎయిర్‌బ్యాగులు, పన్నెండు కిస్తులు ఎక్కువ.
బూడిదే రాయమన్న.

మొదటినాడు చీకటితోనే హసన్‌పర్తి దాకా.
తెల్లారి ఎల్కతుర్తి.
మూడోనాడు తాళంచెవి చేతులవట్టుకొని
మెట్ల మీదనే కూసున్న.

ఇయ్యాల ఆ వంపు.
మళ్ల వడ్లే.
దూరంకెల్లే నెమ్మదిచేసి, ఆపి, దిగిన.
కొంగు నడుముకు చెక్కినామె
కాళ్లతోటి వడ్లు నెరుపుకుంటనే అన్నది:
"నీకు తొవ్వ గావాలె, నాకు ఎండ గావాలె.
ఏం జేద్దాం జెప్పు."

చీపురు ఆమెది, పార నాది.
ఒక కారు పట్టేంత జరిపినం.
పేరు కొమురమ్మంట.
మళ్ల ఎక్కి కూసుంటే
చెప్పులల్ల రెండు గింజలు గుచ్చుకుంటున్నయి,
దులుపుకోలే.
బెల్టు పెట్టుకొని
మెల్లగ బ్రేకు మీదికెల్లి కాలు తీసిన.