టైపిస్టు వదిలిన ఖాళీ

కోట్కా రేవు పోలీసు ఠాణాలో
నా పని వినడం,
విన్నది వేళ్లతో కాగితం మీద పెట్టడం.

మొదటి టేపు డెబ్బై ఎనిమిది నవంబరుది.
చేపల గోదాములో ఉప్పు చల్లే హిల్కా
సోఫా మీద పడుకుని ఉంది.
డాక్టరు వెస్తెర్లుండ్ అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాడు,
పసిబిడ్డను జోకొట్టినంత మెత్తగా.
"ఇప్పుడు నువ్వు రేవులో ఉన్నావు.
దీపం కింద మనిషి. గడ్డం కనిపిస్తోందా?"

గడ్డం అన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో
నా టైపు మిషనుకు తెలుసు.
హిల్కా చాలాసేపు ఊపిరి పీల్చింది.
"కనిపిస్తోంది."
కాసేపటికి ఆ గడ్డానికి ఎర్రరంగు వచ్చింది,
ఎడమ చెంపకు గాటు వచ్చింది,
చివరికి పేరే వచ్చింది: తౌనో.
అంతకుముందు "ఏమో" అన్న ప్రతిచోటా
లేచాక "ఒట్టు" అంది.
ఒక్క తప్పు లేకుండా కొట్టాను ఆ ఒట్లన్నీ.

తౌనోకి తొమ్మిదేళ్లు పడ్డాయి.

రెండో టేపులో మరియత్తా, కొత్త అధికారి.
"నేనక్కడ లేను, హిల్కా. మీరున్నారు.
పనికిరాదనిపించిందీ చెప్పండి.
తెలియకపోతే తెలియదనండి."
తర్వాత గడియారం చప్పుడు, అంతే.

ముందు కాలు గుర్తొచ్చింది ఆమెకి.
కుడి బూటు అడుగున చిల్లు, తడి మేజోడు,
వేళ్ల పగుళ్లలో ఉప్పు మంట,
ఏ పడవలోనో మాడుతున్న ఉల్లిపాయలు.

"ఇప్పుడు చివర్నుంచి మొదటికి రండి."
వచ్చింది. నీళ్లలో చప్పుడు, పరుగు, అరుపు,
అరుపుకి ముందు
"దీపం..." అని ఆగింది.
ఎవరూ మాట అందించలేదు.
"దీపం వెలగలేదండీ ఆ రాత్రి.
బూటు జారిపోతే చీకట్లో తడుముకున్నాను."

ఇంకాసేపటికి, తనలో తనే:
"మరి ఆ గడ్డం ఎవరిది?"

అబద్ధమాడితే సులువుగా ఉండేది, వెనక్కి తీసుకోవచ్చు.
కళ్లు మూస్తే ఇప్పటికీ ఎర్రగానే ఉంటుందట.
నాకూ ఉంటుంది. ఆ రేవు పక్కనుంచి ఇంటికెళ్తూ
ఎన్నడూ చూడని మనిషిని
రోజూ అక్కడ నిలబెడతాను.

మా నిబంధన ప్రకారం మౌనానికి మూడు చుక్కలు.
ఆ ప్రశ్న తర్వాత నలభై ఒక్క సెకన్లు.
చుక్కలు పెట్టలేదు, సగం పేజీ తెల్లగా వదిలేశాను.
ఏదో రాయడం మరిచావంది పైఅధికారి.
లేదండీ, అన్నాను,
ఆవిడ చెప్పిందంతా ఉంది.