కొట్టని టికెట్టు

ఆ రోజు తొమ్మిదీ పదిహేడుకి
గిరింపేట మెడికల్ షాపు మిద్దె మీద
రెండు ఫోన్లు ఒకేసారి మోగాయి.

ఒకటి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు,
లక్షల్లో లెక్క.
రెండోది చెంగల్రాయులు.
"పాపా, ఆరొందలూ అమ్మెయ్, నాలుగొందల పన్నెండుకి.
రాసుకో. ఆరొందలు."
ముప్పై ఏళ్లు కండక్టరు చేసిన గొంతు,
వెనక సీటు దాకా వినపడుతుంది.

రాసుకున్నాను,
క్యాలెండరు చించిన కాగితం వెనక.
సరే సార్ అన్నాను.
ఓనరుది ముందు కొట్టాను.
ఆర్డరు కొట్టడం అంటాం మేం,
ఎంటరు మీద ఒక వేలు, అంతే.
ఆయన ఫోను పెట్టలేదు.
ఈ ఏడు తోతాపురి ధర గురించి చెప్తూనే ఉన్నాడు.
తర్వాత స్క్రీను గిర్రున తిరిగి ఆగిపోయింది.
తర్వాత టీ వచ్చింది.
ఆ కాగితం మీద గ్లాసు పెట్టాను.

పదకొండుకి చూస్తే కొనేవాడు లేడు.
అమ్మేవాళ్ల వరస మాత్రం
చవితినాటి కాణిపాకం క్యూ.
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.
నాలుగో రోజు మూడొందల ఒకటికి పోయాయి.
అరవై ఆరు వేల ఆరొందలు,
ఒక గ్లాసు కింద గుండ్రటి మరక.

హెడ్డాఫీసు ఉత్తరం చక్కగా ఉంది.
మార్కెట్టు నష్టాలకు ఖాతాదారుడే బాధ్యుడు.
సాంకేతిక అంతరాయాలకు సంస్థ పూచీ లేదు.
ఆనాటి కాల్ రికార్డింగు దొరకలేదు.
తమరు పదిహేడు చోట్ల సంతకం పెట్టారు.
ఆ ఫారం నింపించింది నేనే.
పెన్సిలుతో ఇంటూ మార్కులు పెట్టి
ఇక్కడ సార్, ఇక్కడ అని చూపించింది నేనే.
చదివారా అని అడగలేదు. నేనూ చదవలేదు.

ఆయన వచ్చాడు. అరవలేదు.
మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా
ఫ్యాను వైపు చూస్తా కూర్చున్నాడు.

"పలమనేరు బండి. ఎనభై తొమ్మిదో, తొంభయ్యో.
బంగారుపాళ్యం సంత, కాలు పెట్టే సందు లేదు.
ఒక ముసలామె కోళ్లగంపతో ఎక్కె.
డబ్బులిచ్చె. టికెట్టు కొట్టే లోపల
ఇంకెవరో చిల్లరడిగిరి.
మొగిలి ఘాటు కింద చెకింగోళ్లు ఎక్కిరి.
రూపాయి ముప్పావలా, పాపా.
రష్షు అంటిని. మిషను మొండిదంటిని.
డబ్బు తీసుకుంటివా లేదా? అనిరి.
తీసుకుంటి.
టికెట్టు కొడితివా లేదా?
కొట్టలే.
పద్నాలుగు రోజులు సస్పెన్షను."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత,
"రేటు పడితే నష్టం నాది. నాకు తెల్సు.
వాన పడిందని డ్రైవరుతో కొట్లాడతామా?
కానీ కమీషను తీసుకుంటిరి గదా మీరు.
నేనడిగేది ఒకటే. కొడితివా, లేదా?"

అద్దం వెనక పట్టాభి సారు
నాకు మాత్రమే కనపడేలా తల అడ్డంగా ఊపారు.
సర్వరు సార్, అన్నాను.
సర్వరు ఆగిన మాట నిజమే,
తొమ్మిదీ ఇరవై నాలుగు నుంచి నాలుగు నిమిషాలు.
దానికి ముందు నాకు
ఏడు నిమిషాలున్నాయి.

కాణిపాకం పోదాం పా,
బావి కాడ నిలబడి చెప్పు అంటాడనుకున్నా.
మా జిల్లాలో ఆఖరి కోర్టు అదే కదా.
అనలేదు.
చిల్లర కోసం నిలబడ్డ కండక్టరులా
చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు.

"కొట్టలే" అన్నాను.
సొరుగులోంచి కాగితం తీశాను. టైము ఉంది,
ఆరొందలు ఉంది, మరక ఉంది.
కింద సంతకం పెట్టాను.
ఎక్కడ పెట్టాలో ఎవరూ ఇంటూ మార్కు వేసివ్వలేదు.

ఆయన దాన్ని రెండు మడతలేసి
చొక్కా జేబులో దోపుకున్నాడు.
"దిగేదాకా పారేయగూడదు" అన్నాడు,
నాతో కాదేమో.

లోపల పట్టాభి సారు ఫోను ఎత్తారు.
నా టేబులు మీదా ఫోను మోగుతోంది.
ఎవరిదో అమ్మకం.
పెన్ను కోసం వెతుక్కున్నాను.