ఎనిమిదిన్నర బుడ్డి

పొద్దుగాల ఎనిమిదిన్నరకు
దామరచర్ల మండలాఫీసు వెనుక
ఇనుప కంచె తాళం తీస్త.
గరాటు కింది బుడ్డిల నీళ్లు
సన్న గీతల గ్లాసుల వంపి
కండ్లకు సమానంగ పట్టి చూస్త.
అటెండరు ఈదమ్మ పని ఇంతే:
ఆకాశం నిన్న ఏమన్నదో
మిల్లీమీటర్లల్ల రాసుడు.

ముప్పై ఒక్క ఏండ్లు.
పదకొండు రిజిస్టర్లు.
సున్నాలే ఎక్కువ.
బిడ్డ పుట్టిన నాడు నలభై రెండున్నర;
ఆ ఒక్క పేజీల అక్షరం నాది కాదు.
వానమ్మ అని పేరు పెడదామంటే
దవాఖానంత నవ్విండ్రు.

నా జాగలకు వచ్చిన పిలగాడు నిరంజన్
డిగ్రీ చదివిండు, ఊకె అడుగుతడు:
"మొన్న పండ్లు కొరికే చలి పెట్టె గద పెద్దమ్మా,
భూమి వేడెక్కుడు ఏడున్నది?"

ఒక్క దినం కూలి చూసి
మనిషి బతుకు చెప్తవా బిడ్డా?
నిన్న పడ్డదా లేదా, అది ఈ గ్లాసు చెప్తది.
ముప్పై ఏండ్ల గ్లాసులు ఒక్కకాడ పోసి
అడుగున ఏం తేరిందో చూసుడు
వేరే పని.
నేను చూసిన.
మొత్తం పెద్దగ తగ్గలే,
సార్లు సగటు తీసి సంబురపడ్డరు.
దినాలు తగ్గినయ్.
నేను చేరిన యేడు వాన రాసిన దినాలు యాభై ఎనిమిది,
పోయినేడు ముప్పై నాలుగు.
ఏడాది కూలి ఒక్క రాత్రి దోసిట్ల కుమ్మరించి
మిగిలిన దినాలు పస్తుండుమన్నట్టు.
సగటుకు ఆకలి కాదు.

మిరుగు నాడు ఇంగువ బెల్లం ఉండ
ఇప్పటికీ మింగుతం.
రోహిణి మాత్రం మూట సర్దదు,
మిరుగు ఇంట్ల పండి లేస్తలేదు.
పత్తి గింజ రెండుమార్లు పెట్టుడు అలవాటైంది,
మూడోమారు గింజ అప్పుది.

ఒక తప్పు చెప్పాలె.
ఒక ఆరుద్ర కార్తెల
వాడపల్లి దిక్కు నుంచి నల్లగ మబ్బు లేచి
మా నెత్తి మీద సగం దినం కూసుండి
చుక్క రాల్చక పోయింది.
తెల్లారి బుడ్డి పొడి.
కంచె బయట నలుగురు రైతులు
నా చెయ్యినే చూస్తున్నరు.
రెండు అని రాసిన.
జాలికి రాసిన.
ఆ యేడు కరువు లిస్టుల మా మండలం లేదు,
కొంచెంల తప్పిందన్నరు.
ఎంతకో ఎవరూ చెప్పలే, నేను అడగలే.
అప్పటి సంది
గ్లాసుల ఉన్నది తప్ప రాయలే.

నిరంజన్ ఇడువడు.
"ఎప్పటికీ మారేదే గద? ఈడ ఒకప్పుడు సముద్రమే ఉండెనట."

ఉండె.
ఆఫీసు నేలంత నాపరాయి;
తడిగుడ్డ పెడితే అలల గీతలు తేలుతయి,
నా కుర్చీ కింది బండ మీద మరీ సాఫుగ.
ముప్పై ఒక్క ఏండ్లు
నేను సముద్రం మీద కాళ్లు పెట్టుకొని
సున్నాలు రాసిన.
అది పోయింది, నిజమే.
ఏ రిజిస్టరుకూ అందనంత
నిదానంగ పోయింది.
అప్పుడు దాని ఒడ్డున
పత్తి చేను లేదు, బోరు అప్పు లేదు,
కంచె పట్టుకొని నిలబడ్డ నలుగురు లేరు.
ఇది నా ఒక్క నౌకరిల మారింది.
నల్ల జడ తెల్లబడే లోపల.

రేపటి సంది తాళం నిరంజన్‌ది.
పక్కన సోలార్ రేకు మిషను
గంటకోసారి పట్నానికి లెక్క పంపుతది. పంపనీ.
గ్లాసు కడిగి బోర్లించిన.
పొయ్యి మీద చాయ్ పెట్టి
నేల ఒక్కసారి తుడిచిన.
అలలు లేచినయ్.
పిలగాడు చెప్పులిడిచి పక్కకు జరిగిండు.

ముందట ఈ తడి ఆరేదాక
ఇద్దరం చాయ్ తాగి, గ్లాసులు కడిగి,
ఇంక ముచ్చట పెట్టేటోళ్లం.
ఇయ్యాల
చాయ్ పొంగక ముందే
సముద్రం ఆరిపోయింది.