దగ్గరి రైల్వే స్టేషను

ఇరవై రెండేళ్లు
నా చేతిరాత మీద జనం ఇళ్లకు వెళ్లారు.
రైలు వారంటు పుస్తకం, కార్బన్ కాగితం,
అడుగున పేరు పడకపోతే మళ్లీ గట్టిగా నొక్కి
ఎక్కణ్ణుంచి: పఠాన్‌కోట్.
ఎక్కడికి: దగ్గరి రైల్వే స్టేషను.

ఆ గడిలో నర్సాపురం అని రాసినప్పుడల్లా
కలం కాసేపు ఆగేది.
పట్టాలు అక్కడితో సరి,
గోదారి అడ్డంగా ఉంటుంది.
రేవు దాటడానికి ఫారంలో గడి లేదు.

తిరుమాని ఏడుకొండలు, సిపాయి, ఊరు పల్లిపాలెం,
టెలిగ్రాం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.
అక్కకు సీరియస్. వెంటనే రా.
పెంచిన అక్క.
ఆ ఏటి వారంటు ఆషాఢంలోనే అయిపోయింది,
ఆవిడ కంటి ఆపరేషనుకే.
నిధి నుంచి ఎనిమిది వందలు అప్పడిగాడు,
నెలకి వంద జీతంలో కోసుకోమన్నాడు.
టెలిగ్రాం అబద్ధం కావొచ్చు అంటుంది రూలు.
తాసీల్దారు ముద్ర ఏదీ, అన్నాను నేను.
ఖాళీ చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి
కాగితం వెనక్కి తోశాను.
ఆయ్, అన్నాడు.
మా వైపు ఒప్పుకున్నా అదే మాట,
ఓడిపోయినా అదే మాట.

ముద్ర రావడానికి నాలుగు రోజులు పట్టింది.

సెలవై తిరిగొచ్చాక
పేపరు పొట్లం ఒకటి నా బల్ల మీద పెట్టాడు.
ఎండు రొయ్యలు.
"అక్క ఎండబెట్టినయ్యేనండి. ఆఖరి వాయి."
ఇంకేం అనలేదు. తిట్టుంటే బాగుండేది.
బారక్‌లో పంజాబీ కుర్రాళ్లు ముక్కులు మూసుకుంటుంటే
వంకాయేసి వండుకున్నాను,
తలకాయలు కూడా పారేయకుండా తిన్నాను, ఒక్కణ్ణే.
ఆ తర్వాత ఎనిమిది నెలలు
వాడి జీతంలోంచి వంద, వంద కోసిందీ
ఈ చెయ్యే.

ఇప్పుడు నర్సాపురంలో ఉంటున్నాను.
సాయంత్రం రైలు జనం ఆటోల్లో రేవుకొచ్చే వేళకి
టికెట్ల గది పక్కన నిలబడతాను.
నల్ల ట్రంకు పెట్టెలు పోయాయి, వీపున సంచులొచ్చాయి.
అయినా జుట్టు చెప్తుంది,
నీళ్లు కనబడగానే తొందరపడే నడక చెప్తుంది.
పంటు టికెట్టు కొని చేతిలో పెడతాను.
కొందరు నవ్వి తీసుకుంటారు,
కొందరు మీరెవరండీ అంటారు.

నిన్నొక కుర్రాడు తీసుకోలేదు.
"దారి డబ్బులు నేరుగా ఖాతాలో పడిపోతున్నాయండి ఇప్పుడు" అని
తన జేబులోంచే తీశాడు,
నేనూ దాటుతున్నాననుకుని
నాకూ ఒకటి కొన్నాడు.

చేతిలో టికెట్టు. పంటు ఇంజను దడదడమంది.
ఎంతమందిని ఈ ఒడ్డుదాకా పంపానో,
అవతలి ఒడ్డు నేనెప్పుడూ తొక్కలేదు.
ఎక్కాను.
పాటు నీరు సముద్రం వైపు లాగుతోంది,
మోటారు సైకిళ్ల మధ్య ఒక మేక అరుస్తోంది.
పల్లిపాలెం ఎంత దూరం బాబూ, అని అడిగాను.
"అక్కడ మీవాళ్లున్నారాండి?"

ఆయ్, అన్నాను.