ఇటలీ కారుకు టాపు

ముప్పై ఏండ్లుగా టాపులు కుడతాండా.
అనంతపురం, తాడిపత్రి రోడ్డు,
టైర్లంగడి పక్కన రేకుల షెడ్డు.
జీపులకు, ఆటోలకు,
శెనక్కాయల లారీలకు టార్పాలిన్లు,
ఒకసారి పెండ్లి గుర్రబ్బండికి గూడా.
కొలత దొరికితే చాలు నాకు.
లోపల ఎవరు కూచుంటారో ఎప్పుడూ అడగలా.

పోయిన ఎండాకాలం ట్రాలీ మీద ఒకటి దిగింది.
ఎర్రది, పొట్టిది, రెండే సీట్లు.
నేల వాసన చూస్తాండే కుక్క మాదిరి వొంగి ఉండాది.
ముక్కు మీద బిళ్ల,
బిళ్లలో పాము,
పాము నోట్లో మనిషి.
"ఇటలీదన్నా, తొంభై రెండు మోడలు"
అన్న్యాడు ట్రాలీ పిల్లోడు,
దాని తర్వాత పదేండ్లకు పుట్టినోడు.

నాపరాళ్ల ఫ్యాక్టరీ పాండురంగశెట్టి
చేతిలో దుడ్డు ఆడిన రోజుల్లో
బొంబాయి ఓడరేవుకు పోయి తెచ్చుకున్న్యాడంట.
తెచ్చిన వారానికే గుత్తి దాకా పోదామని బయలుదేరితే
దోవలో రాయి తగిలి కడుపు చీలి
నూనంతా కారిపోయిందంట.
ఇంటికి ఎద్దులు లాక్కొచ్చినాయి.
ఎద్దుల ముందర తలెత్తుకోలేకేమో
ఆ మీదట గోడౌను దాటి రాలేదది.
సీట్ల స్పాంజిలో
ఎలకలు మాత్రం తరతరాలుగా కాపురం చేసినాయి.

ఇప్పుడు బెంగుళూరాయన ఎవరో కొన్న్యాడు.
ఇట్లాంటివి కొని దాచిపెట్టుకునే మనిషంట,
విరిగిన సూదులు నేను దాచుకున్నట్ల.
ఇంజనుకు ఒకరు, రంగుకు ఒకరు.
టాపు మాత్రం మీరే కుట్టాల అన్న్యాడు ఫోన్లో,
నీళ్లు దిగని కుట్టు మీదని విన్న్యాడంట.

ఫోను పెట్టేసినాక నవ్వొచ్చింది.
మా మోడం గుడ్డను ఎవరో ఎప్పుడో
మడిచి ఎనక్కి తోసేసిపోయినారు.
మళ్ల లాగి ఏసినోళ్లు లేరు.
నీళ్లు దిగుతాయని ఎవరికి బయం ఈడ?

పాత టాపు విప్పినా.
గుడ్డ మగ్గిపోయింది గానీ కుట్టు కుట్టే.
దారం వాలు చూస్తే తెలిసిపోయింది,
కుట్టినోళ్లది ఎడంచేతి వాటం.
మూల తిరిగేకాడ మూడు కుట్లు
దగ్గర దగ్గరగా, బెదిరినట్ల.
నేనూ ఆడ బెదురుతా.
ఆ దేశం యాడుండాదో నాకు తెలీదు,
ఆ మనిషి ఇంకా ఉండాడో లేదో.
ఆ మూడు కుట్లు కత్తిరించలేక
అట్లనే పీకి సూదుల డబ్బాలో ఏసినా.

పదకొండు రోజులు పట్టింది.
కుట్టినాక నీళ్లు పోసి చూడల్ల గదా.
ట్యాంకరు అయిదు రోజులకొకసారి.
"కారుకు నాలుగు బిందెలా?
నీ నెత్తిన పోస్తా రా" అనింది లాలమ్మ.
తిడతానే తెచ్చింది.
పిండి జల్లెడ గూడా తెచ్చింది,
వాన మాదిరి పడాలంటే జల్లెడే దిక్కని.

నేను లోపల కూచోని టాపు ఏసుకున్న్యా.
పైన స్టూలెక్కి లాలమ్మ.

చిటపటా మొదలైంది.
ముందు అక్కడక్కడ, తర్వాత అంతటా.
చీకట్లో, కొత్త గుడ్డ వాసనలో,
స్టీరింగు పట్టుకోని కదలకుండా కూచున్న్యా.
యాడికీ పోని ఆ కారులో
నా చిన్నప్పటి కొట్టం దాకా పోయొచ్చినా.

శబ్దానికి పంచరంగడి ఓబులేసు పిల్లోల్లు,
చెనిగెలమ్మే సుంకమ్మ, అందరూ జమైనారు.
రెండు సీట్లలో ఏడుమంది.
ఎవరికీ నీళ్లు గుర్తు రాలా,
ఇంకో బిందె, ఇంకొకటి.
ఆఖరు బిందెకు స్టూలు నాకిచ్చి
లాలమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

బిందె అయిపోయినా చాలాసేపు బయటికి రాలా.
వచ్చి, చేత్తో సీటు తడిమి చూసి,
"ఒక్క చుక్కన్నా దిగనీలేదే నువ్వు"
అనింది, నిష్టూరంగా.

మూడో నాడు ట్రాలీ వచ్చింది.
ఒప్పుకున్నదానికి అయిదొందలు తక్కువ ఇచ్చి
పిల్లోడు తాళ్లు బిగించినాడు.
టాపు మడిచి ఎనక్కి తోసినాడు,
గాలికి కొట్టుకుంటాదని.
ఏసుకోని పోరా, అన్న్యా.
పైకి చూసి
"వాన యాడుందిలే అన్నా" అన్న్యాడు.