గురువారం కుర్చీలు

నావి మూడు వందల నలభై కుర్చీలు.
నీలం రంగు ప్లాస్టిక్. వీపు మీద తెల్ల పెయింటుతో
నా పేరులో మొదటి అక్షరం.
కిసుములో ఎవరు పోయినా
ముందు పెట్టె చేసే వడ్రంగికి ఫోను,
తర్వాత నాకు.

అందుకే అవూర్ వచ్చి
"గురువారం సాయంత్రానికి ఇరవై కావాలి పెద్దమ్మా" అనగానే
అలవాటుగా గొంతు తగ్గించాను:
"వయసైన వాళ్ళేనా?"
పకపకా నవ్వింది.
ఎవరూ పోలేదట.
కంపెనీలు పెట్టాలనుకునేవాళ్ళు
ఒకరి మొహం ఒకరు చూసుకుంటారట.

సరస్సు ఒడ్డున మూతబడ్డ ఐసు గోదాము.
నేల ఎంత కడిగినా తిలాపియా వాసన.
మొదటి గురువారం ఏడుగురు వచ్చారు.
చావింట్లో ఖాళీ కుర్చీ కనబడితే పరువు తక్కువ;
పదమూడు ఖాళీలు చూసి నాకే సిగ్గేసి
"ఏడింటికే ఇవ్వు" అన్నాను.
ఇరవైకీ లెక్కగట్టి ఇచ్చింది
రాని వాళ్ళకు కూడా.

తర్వాత పన్నెండు వారాల శిక్షణ అన్నారు.
ఫోనులో ఒక్క అక్షరం రాయకముందు
కిబుయే సంతలో ముప్పై మందిని అడిగి రావాలి.
హార్డ్‌వేర్ కొట్టు మనవరాలు హేతల్
ఉల్లిపాయల వాళ్ళ చేత తిట్లు తిని వచ్చింది,
ఆ తిట్లన్నీ నోటుబుక్కులో వరసగా రాసుకుంది.
మోటారుసైకిల్ మీద మనుషుల్ని దింపే ఒబియేరో
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకునే మాట్లాడేవాడు,
మధ్యలో కిరాయి తగిలితే లేచిపోయేవాడు.
కరెంటు పోతే ఎవరి మాటా ఆగేది కాదు,
చీకట్లో గొంతును బట్టి మనిషి.

ఒకసారి రెండు వందల కుర్చీలడిగారు.
తెల్ల ముసుగులు, వెనక రిబ్బను ముడి.
నైరోబి నుంచి డబ్బున్నాయన వస్తున్నాడు.
వచ్చాడు. ఇరవై నిమిషాలు.
విమానం వేళ చూసుకుంటూనే
మా భవిష్యత్తు బాగుందన్నాడు.
ఆ ముసుగులు ఉతకడానికి నాకు రెండు రోజులు పట్టింది.
తర్వాతి గురువారం తొమ్మిది మంది.
అవూర్ మొహంలోకి చూడకుండా దించి వచ్చాను.

ఆ తొమ్మిది మందిలో ఒండియెక్ లేచాడు.
గుర్రపుడెక్క ఏ రేవును మూసేసిందో
జాలరులకు తెల్లారేలోగా సందేశం పంపేవాడు వాడు.
"నా వార్త కంటే గాలి ముందు పోతోంది.
మూసేస్తున్నాను" అన్నాడు.
గోదాములో ఎవరూ కదల్లేదు.
ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు,
దాని పక్కన నిలబడే
నా పిల్లల ఫీజులు కట్టాను.

అప్పుడు ఒబియేరో అడిగాడు:
"నీ ఫోనెత్తేవాళ్ళు ఇంకా ఎంతమంది?"
"నలభై ఒక్కరు."
"వాళ్ళు నిన్ను ఏం అడుగుతున్నారు?"
ఒండియెక్ బుర్ర గోక్కున్నాడు.
"ఐసు. ఐసు ఎక్కడ దొరుకుతుందని."
ఎవరో ముందు గోడల వంక చూశారు.
తర్వాత అందరూ చూశారు.

నేను వెళ్ళిన ఏ ఇంట్లోనూ
పోయినదాని గురించి అలా అడగరు,
ఎంత మిగిలిందని.
కాళ్ళు లాగుతున్నాయో, ఇంకేమైనానో,
గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టేదాన్ని
వెనక వరసలో కూలబడ్డాను.
పదహారేళ్ళుగా అద్దెకిస్తున్నాను గానీ
వీటి వీపు ఇంత గట్టిదని
నాకు తెలియనే తెలియదు.

ఆ రాత్రి అవూర్ పది కుర్చీలకు డబ్బిచ్చింది.
తొమ్మిదేగా అన్నాను.
"మీరు కూర్చున్నది?"
నా కుర్చీకి నాకే అద్దా!
పది షిల్లింగులు వెనక్కిచ్చాను.
మళ్ళీ నా సంచిలో పడేసింది.
మర్నాడు హేతల్ చేత పంపాను.
తిరిగొచ్చింది.

ఇప్పుడు గోదాములో ఒక మూల ఐసు యంత్రం రొద.
గురువారాలు గట్టిగా మాట్లాడాల్సొస్తోంది.
ఆ పది షిల్లింగుల తగువు మాత్రం
ఇంకా తెగలేదు.