రెండు వందల నలభై గీతలు

పెలోటస్‌లో జూలై. నాలుగు రోజులుగా వాన.
కొట్టులో టంకం పొగ కూడా తడి వాసనేస్తోంది.
వల్మోర్ వచ్చాడు,
రొట్టెల సంచిలో ఓ నల్లటి గేమ్ పెట్టె,
భుజాల మీద చినుకులు, ముఖం నిండా ఫిర్యాదు.

"కొత్త టీవీ కొన్నాను జురేమా, అరవై అయిదంగుళాలు.
దాన్లో నా హీరో
కాఫీలో నానిన బిస్కట్టులా ఉన్నాడు."

నవ్వలేదు నేను. ఈ రోగం నాకు తెలుసు.
ఉన్నది ఒక్కటే పసుప్పచ్చ తీగ.
ఎరుపూ ఆకుపచ్చా నీలమూ
ఆ ఇరుకు సందులో తోసుకుంటూ పోతాయి,
అవతలి కొసన ఎవరి చొక్కా ఎవరు తొడుక్కున్నారో తెలీదు.
ఆ టీవీ మరీ పెద్ద చదువులు చదివింది.
రెండు వందల నలభై గీతల బొమ్మని చూసి
సగమే వచ్చిందనుకుంటుంది,
లేని సగాన్ని ఊహించి కుట్టేస్తుంది.
అడగని సాయం.
పరిగెత్తే కుర్రాడి అంచులు దువ్వెన పళ్ళవుతాయి.

పెట్టె విప్పాను.
ముప్పై ఏళ్ళ దుమ్ము, ఎండిన చీమ ఒకటి,
అడుగునుంచి కారిన మూడు కెపాసిటర్లు, చేప వాసన.
మార్చాను. మూడు రంగులకీ మూడు దారులు వేశాను.
మధ్యలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా:
గీతని గీతగానే చూస్తుంది, తెలివితేటలు చూపించదు,
ఒక్కోదాన్నీ తొమ్మిదిసార్లు దిద్దుతుంది, అంతే.
తొమ్మిదేసి చొప్పున దిద్దితే
టీవీ ఎత్తుకి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతాయి.
ఇలాంటి లెక్క కుదిరిన రోజు
నాకు భోజనం గుర్తుండదు.

సాగదీసిన వెడల్పు తగ్గించాను,
లావెక్కిన చందమామ మళ్ళీ గుండ్రమయ్యాడు.
పక్కల రెండు నల్ల పట్టీలు మిగిలాయి. వల్మోర్ మూలిగాడు:
"డబ్బు పోసి కొన్న అంగుళాలు!"
"గోడ అనుకో" అన్నాను.
మెనూలో ఎక్కడో అడుగున దాక్కున్న గేమ్ మోడ్ నొక్కాను.
నొక్కిన వేలికీ గెంతిన కాలికీ మధ్య
పడుకునున్న బద్ధకం లేచి వెళ్ళిపోయింది.

హీరో బెల్టు మీద ఓ తెల్ల చుక్క ఉందని
ముప్పై ఏళ్ళకి తెలిసింది వల్మోర్‌కి.
చిన్నపిల్లాడిలా వేలు పెట్టి చూపించాడు.
తర్వాత రెండో మజిలీ. జలపాతం.
అక్కడ ఆగాడు.
చాలాసేపు ఆగాడు.

"నీళ్ళేవి?"

లేవు.
నీలం గీత, ఖాళీ, నీలం గీత, ఖాళీ,
కిటికీకి కొట్టిన చువ్వలు.
వాటి వెనక కొండ, సిగ్గు లేకుండా.

ఎప్పుడూ ఇంతే, వల్మోర్.
గీసినవాడికి మీ ఇంటి తీగ సంగతి తెలుసు.
రంగులు ఒకదాంట్లోకొకటి కారతాయని తెలిసే
చువ్వలు పాతి వెళ్ళిపోయాడు,
మసక వచ్చి నీళ్ళు పోస్తుందని నమ్మి.
దూరపు కొండలు నునుపంటారే,
ఆ నునుపులోంచే దూకింది ఈ నీరంతా.

అతను అన్న జాందిర్ పేరెత్తాడు.
జలపాతం వెనక ఒక ప్రాణం దాగుంటుందని
మొదట కనిపెట్టినవాడు, వారం రోజులు చెప్పకుండా ఏడిపించినవాడు.
ఇప్పుడెక్కడున్నాడని నేనడగలేదు.
ఆ ప్రాణం మటుకు ఎవరికైనా కనిపిస్తోంది,
చువ్వల వెనక, ఎర్రగా కొట్టుకుంటూ.

మసకని తిరిగి కలిపే ఏర్పాటూ ఉంది డబ్బాలో.
వెతుకుతున్నాను. రిమోట్ బ్యాటరీ ప్రాణం మీదికొచ్చింది.
ఈలోగా వల్మోర్
కళ్ళజోడు తీసి చొక్కాకి తుడవబోయి
తుడవడం మర్చిపోయాడు.

"వచ్చాయి" అన్నాడు.

నేనూ నాది తీశాను.

కెపాసిటర్లకీ తీగకీ బిల్లు రాశాను,
రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను,
అంకెలు కనబడటం లేదు.